ఓటరు నాలుకయు తొమ్మిదవ ఆజ్ఞయు



నేను కాపరిగా నున్న చిన్న సంఘము శంషాబాదుకు దాపున నున్నది. 2008 మార్చి నెలలో విమానాశ్రయము బేగంపేట నుండి ఇక్కడికి మారినది మొదలుకొని మా ఆరాధనకు ఒక క్రొత్త శబ్దము తోడైనది. నేను ప్రసంగించుచుండగా మందిరము మీదుగా విమానము పోవును. అది దాటిపోవువరకు ఆగి, మరల వాక్యము నందుకొందును. మా వారిలో కొందరి పొలములు ఆ విమానాశ్రయపు ప్రహరీగోడ లోపల కలిసిపోయినవి. కొందరి బిడ్డలు ఆ గోడ మీదుగానే ఎగిరి అమెరికాకు వెళ్లిపోయిరి. ఈ రెండును జరిగిన ఇండ్లు కూడ కొన్ని గలవు.

అట్టి ఇంటివారొకరిని గూర్చి చెప్పెదను. తండ్రి పని విరమించిన బడిపంతులు. కుమారుడు టెక్సాసు రాష్ట్రములో కాపురముండి, ఆ దేశపు పౌరసత్వము పొంది, 2024 నవంబరు 5వ తేదీన మొదటిసారి అక్కడి అధ్యక్ష ఎన్నికలో ఓటు వేసెను. డిసెంబరు నెలలో క్రిస్మసుకు ఇల్లు చేరెను. చేరిన మూడవ దినమునకే తండ్రియు కుమారుడును ఒకరితో నొకరు మాటలాడుట మానిరి. తల్లి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఏడాదికోసారి వచ్చే బిడ్డ. ఎవరో ఇద్దరు అమెరికా వాళ్ల కోసం మా ఇంట్ల పొయ్యి చల్లారింది" అని కన్నీళ్లు పెట్టుకొనెను.

ఇది వింతగా తోచవచ్చును. కాని ఆ సంవత్సరము ఆ దూరదేశపు ఎన్నిక మన గడపలోనికే వచ్చినది గదా! కమలా హారిస్ గారి తల్లి మద్రాసు నుండి వెళ్లిన స్త్రీ గనుక తమిళనాడులోని తులసేంద్రపురము వారు ఆమె మావారని చెప్పుకొనిరి. ఎదుటి పక్షమున ఉపాధ్యక్ష పదవికి నిలిచిన వాన్స్ గారి భార్య ఉష చిలుకూరి వారి ఆడపడుచు గనుక మన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు వారును అట్లే చెప్పుకొనిరి. ఓటు లేని మనమే ఇంతగా వేడెక్కినప్పుడు ఓటున్న కుమారుని మాట చెప్పనేల?

నేను ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటిని. కుమారుడు సంప్రదాయవాది. అనగా ప్రభుత్వము చిన్నదిగాను, కుటుంబమును సంఘమును బలముగాను ఉండవలెనని నమ్మువాడు. హారిస్ గారి విధానములను అతడు వ్రేళ్లు మడచుచు విమర్శించెను. ఆమె కంపెనీల లాభముల మీది పన్నును నూటికి 21 నుండి 28కి పెంచెదననెను. అట్లయిన ఉద్యోగములు తరుగుననెను. ఆమె నిత్యావసర వస్తువుల ధరలను ప్రభుత్వముచేత నిర్ణయింపజేయుననెను. అట్లు చేసిన దేశములలో అంగడి అరలు ఖాళీయైనవనెను. అన్నిటికంటె ముఖ్యముగా, గర్భస్థ శిశువును తొలగించుకొను హక్కును దేశమంతటికి చట్టముగా చేయుదునని ఆమె పలికెను. విశ్వాసినైన నేను దానికి ఓటు వేయలేననెను.

తండ్రి ఊరకుండలేదు. "బిడ్డా, 1983లో రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు మన ఇంట్ల కుండ నిండింది. ధర సర్కారు పెడితే దేశం మునుగుతదని ఆ అన్నం తిన్న నోటితోనే అంటున్నవా?" అనెను. అంతటితో ఆగక, "నువ్వు ఓటేసిన మనిషి మన పిల్లలనందరిని ఆ దేశం నుంచి వెళ్లగొడ్తడు" అని కేక వేసెను. కుమారుడు లేచి బయటికి పోయెను.

చదువరీ, వీరిలో ఎవరి పక్షము సరియైనదని నీవు నన్నడుగుదువు. ఆ తీర్పు చెప్పుటకు నేను ఈ వ్యాసము వ్రాయలేదు. గర్భములోని శిశువును గూర్చి ఆ కుమారుని మనస్సాక్షియే నా మనస్సాక్షియు. దానిని నేను దాచను. పేదవాని కుండను గూర్చిన తండ్రి మాటయు నాకు దేవుని వాక్యమునకు దూరముగా తోచలేదు. నేనడుగు ప్రశ్న వేరు. మనకు సరిపడని విధానమును, దానిని పట్టుకొనిన మనిషిని, విశ్వాసి ఎంతవరకు ఎట్లు విమర్శింపవచ్చును? నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములోని తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకవద్దనుచున్నది. ఎదుటి పక్షపు అభ్యర్థి నాకు పొరుగువాడా, కాడా?

ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి రాలేదు. నా స్వంత తప్పిదమునుండి వచ్చినది. 2024 అక్టోబరులో ఒక ఆదివారమున నేను జీవమును గూర్చి ప్రసంగించుచు, నా ఫోనుకు వచ్చిన ఒక సందేశమును నమ్మి, ఆ అభ్యర్థిని క్రీస్తు నామమే ఎరుగని స్త్రీ అని ప్రసంగవేదిక మీదనుండి చెప్పితిని. పెద్దలు తలలూపిరి. ఆరాధన ముగిసిన తరువాత యౌవనుల కూడికకు వచ్చు ఒక బాలిక నన్ను సమీపించి, హారిస్ గారు శాన్ ఫ్రాన్సిస్కోలోని థర్డ్ బాప్టిస్టు సంఘ సభ్యురాలని మెల్లగా చెప్పెను. నేను వెదకి చూచితిని. ఆ బాలిక చెప్పినదే నిజము. నేను తప్పించుకొనజూచి, "అమ్మా, మిగిలిన విషయము నిజమే గదా" అంటిని. అందుకామె, "ఆ మాట తప్పైతే, పుట్టని బిడ్డల గురించి మీరు చెప్పింది మాత్రం ఎట్ల నమ్మాలె అయ్యగారూ?" అనెను. వేదాంత కళాశాలలో నేను చదివిన నాలుగేండ్లలో ఏ గురువును నన్నిట్లు నోరెత్తకుండ చేయలేదు.

కొందరు భక్తులు దీనికొక సుళువైన మందు చెప్పుదురు. రాజకీయములు లోకసంబంధమైనవి, విశ్వాసి మౌనముగా నుండుట మేలందురు. వారి మాట నేనొప్పుకొనలేను. నాతాను మౌనముగా నుండెనా? బాప్తిస్మమిచ్చు యోహాను మౌనముగా నుండెనా? రాజు చేసిన క్రియను పేరు పెట్టి తప్పనిరి. యోహాను దానికై తల నిచ్చెను. శంషాబాదులో నివసించు మనము రాజేంద్రనగరు శాసనసభ స్థానమునకును చేవెళ్ల లోక్‌సభ స్థానమునకును ఓటు వేయుచున్నాము. ఆ ఓటుతో మన పొరుగువాని పొలమును, బడిని, ఆసుపత్రిని తాకు నిర్ణయములు చేయుచున్నాము. తప్పని తోచిన విధానమును తప్పు అనకపోవుట ప్రేమ కాదు, సోమరితనము.

మరికొందరు, ఇది యుద్ధము, యుద్ధములో అన్నియు చెల్లునందురు. వీరికి జవాబుగా మన తెలుగువారిద్దరు పోటీపడిన ఒక రాష్ట్రపతి ఎన్నికను జ్ఞాపకము చేసెదను. మన దేశములో రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును ఎన్నుకొందురు. 1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో నుండగానే మరణించిరి. ఆగస్టు 16వ తేదీన ఎన్నిక జరిగెను. కాంగ్రెసు అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరివాడైన నీలం సంజీవరెడ్డి గారు. స్వతంత్ర అభ్యర్థిగా నిలిచినవారు బరంపురములో తెలుగు కుటుంబమున జన్మించి, కార్మికోద్యమములో పేరు గాంచిన వి.వి. గిరి గారు. రాజాజీ గారు 1959లో స్థాపింపగా మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారు మొదటి అధ్యక్షులుగా నున్న స్వతంత్ర పార్టీయు, జనసంఘమును, సి.డి. దేశ్‌ముఖ్ గారిని బలపరచినవి. ప్రధాని ఇందిరాగాంధి గారు తమ పార్టీ అభ్యర్థికి కట్టుబడక, సభ్యులు మనస్సాక్షి ననుసరించి ఓటు వేయవలెనని కోరిరి. చివరి లెక్కలో గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 విలువగల ఓట్లు వచ్చినవి. భేదము 14,650 మాత్రమే.

ఆ కాలపు సంప్రదాయవాదులకు, ముఖ్యముగా స్వతంత్ర పార్టీవారికి, ఒక గట్టి అభ్యంతరముండెను. జూలై 19వ తేదీన 14 పెద్ద బ్యాంకులను ప్రభుత్వము స్వాధీనపరచుకొను ఆర్డినెన్సు వెలువడెను. తాత్కాలిక రాష్ట్రపతిగా నున్న గిరి గారు దానిపై సంతకము చేసి, మరునాడు పదవి విడిచి ఎన్నికకు నిలిచిరి. ప్రభుత్వపు చేయి రైతు పొలములోనికిని, వర్తకుని పెట్టెలోనికిని రాకూడదనుట స్వతంత్ర పార్టీ సిద్ధాంతము. మరి వారిలో ఒకడు ఏమి చేసెను? ఆర్.సి. కూపర్ గారు ఆ బ్యాంకులలో వాటాదారుడు, స్వతంత్ర పార్టీకి చెందినవాడు. ఆయన తన పేరుతో సుప్రీంకోర్టు కెక్కెను. ప్రభుత్వము తన వాదమును తాను చెప్పుకొనెను. ఆయన న్యాయవాదులు దానిని విని, దానికే జవాబు చెప్పిరి. 1970 ఫిబ్రవరి 10వ తేదీన పదునొకండుగురు న్యాయమూర్తులలో పదిమంది ఆ చట్టము చెల్లదనిరి. నాలుగు దినములకే ప్రభుత్వము క్రొత్త ఆర్డినెన్సు తెచ్చెను గనుక బ్యాంకులు వెనుకకు రాలేదు. అయినను ఆ విమర్శ ఈ నాటికిని న్యాయశాస్త్ర విద్యార్థులకు పాఠముగా నిలిచియున్నది.

ఆ ఎన్నికలోనే మరియొక విధమైన మాటయు పుట్టెను. సంజీవరెడ్డి గారి శీలమును గూర్చి అసభ్యమైన కరపత్ర మొకటి, వ్రాసినవాని పేరు లేకుండ, పార్లమెంటు సభ్యులకు టపాలో వచ్చెను. పార్లమెంటు సెంట్రల్ హాలులో చేతులు మారెను. గిరి గారి ఎన్నిక చెల్లదని వేసిన పిటీషన్లలో ఇదియొక కారణముగా చూపబడెను. దేశ రాష్ట్రపతియే సాక్షిగా సుప్రీంకోర్టుకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పెను. కరపత్రము పంచబడినమాట నిజమే గాని, అది గిరి గారి సమ్మతితో జరిగినదని ఋజువు కాలేదు గనుక, 1970లో న్యాయస్థానము ఆ పిటీషన్లను కొట్టివేసెను. 1977లో సంజీవరెడ్డి గారు పోటీ లేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైరి.

చదువరీ, ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుము. ఒకే సంవత్సరము, ఒకే తగవు. ఒకటి పేరుతో వచ్చినది, విధానమును పట్టుకొన్నది, ఎదుటివానికి జవాబు చెప్పు అవకాశమిచ్చినది. రెండవది పేరులేక వచ్చినది, మనిషిని పట్టుకొన్నది, జవాబు చెప్పుకొనుటకు చోటు మిగల్చలేదు. మొదటిది విమర్శ. రెండవది నాబోతు మీదికి యెజెబెలు పంపిన సాక్షుల వంశమునకు చెందినది. ఆ దినములలో సెంట్రల్ హాలు ఢిల్లీలో ఒక్కటే యుండెను. నేడు మనలో ప్రతివాని చేతిలోను ఒక సెంట్రల్ హాలున్నది. వేలు కదిపిన చాలు, పేరులేని కాగితము నూరు చేతులు మారును. అక్టోబరు ఆదివారమున నేను చేసినది ఇదియే. పైగా నేను ప్రసంగవేదిక మీదనుండి చేసితిని.

కాబట్టి నాకు నేను మూడు ప్రశ్నలు వేసికొనుట నేర్చుకొంటిని. వాటిని ఆ తండ్రి కుమారుల ముందును పెట్టితిని.

మొదటిది, నేను ఎదుటివానిని వింటినా? యోహాను సువార్త ఏడవ అధ్యాయములో నికొదేము అధికారుల నడిగినది ఇదే. మనిషి మాట వినక, వాడు చేసినది తెలిసికొనక, తీర్పు తీర్చుట మన ధర్మశాస్త్రమునకు తగునా అని అడిగెను. వాడప్పటికి పూర్ణ శిష్యుడు కాడు. అయినను ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు తోటివారు వానిని నిందించిరి.

రెండవది, నేను అతని విధానమును చెప్పినప్పుడు అతడు విని, "అవును, నా మాట ఇదే" అనునా? కుమారుడు తన ఫోను తీసి హారిస్ గారి ప్రతిపాదనను చదివెను. ఆమె సమస్త వస్తువుల ధరలను ప్రభుత్వము నిర్ణయించుననలేదు. ఆహార వస్తువుల మీద పెద్ద కంపెనీలు అన్యాయముగా ధర పెంచి లాభము దోచుకొనుటను నిషేధించెదననెను. కుమారుడు కొంతసేపు ఊరకుండెను. పిమ్మట, "అయితే నా ప్రశ్న మారుతుంది అయ్యగారూ. అన్యాయమైన లాభం ఎంత? దాన్ని ఎవరు కొలుస్తారు? కొలిచే అధికారి తప్పు చేస్తే చిన్న కొట్టువాడు ఎవరితో చెప్పుకోవాలి?" అనెను. అతని విమర్శ మెత్తబడలేదు, పదునెక్కెను. మొదటి మాటకు తండ్రియొద్ద జవాబుండెను. ఈ మాటకు తండ్రి ఆలోచింపవలసి వచ్చెను. అట్లే గర్భస్థ శిశువు సంగతియు. 1973 నుండి 2022 వరకు అక్కడ నిలిచిన రో తీర్పులోని హక్కులను మరల చట్టముగా చేయవలెననుట ఆమె మాట. దానిని ఉన్నదున్నట్లు చెప్పిన పిమ్మటను, జీవము దేవునిదని నమ్మువాడు దానిని కాదనుటకు కావలసిన కారణమంతయు అందులోనే యున్నది. కల్పన తోడు అక్కరలేదు.

తండ్రికిని ఇదే కొలబద్ద పెట్టితిని. ట్రంపు గారు అనుమతి లేక ఆ దేశములో నున్నవారిని పెద్ద సంఖ్యలో పంపివేసెదననిరి. మన పిల్లలనందరిని వెళ్లగొట్టెదననలేదు. "మాస్టారూ, మీ బడిలో పిల్లవాడు పుస్తకములో లేని వాక్యమును ఉన్నదని వ్రాసినచో మార్కులు వేసెదరా?" అని అడిగితిని. ఆయన నవ్వక నవ్వెను. అయితే ఆయనయు ఊరకుండలేదు. "అందరిని కాకున్నా, తల్లిదండ్రులకు అనుమతి లేక, అక్కడే పుట్టిన పిల్లల గతి ఏమిటి?" అని అడిగెను. అది నిజమైన ప్రశ్న. కుమారుడు దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయెను.

మూడవది, ఈ మాటను అతని ఎదుట, నా పేరుతో చెప్పగలనా? నాతాను దావీదు వీపు వెనుక ఊరంతయు తిరుగలేదు. ముఖము చూచి చెప్పెను. ఎదుట చెప్పలేని మాట చాలమట్టుకు చెప్పదగని మాటయే.

అప్పుడు కుమారుడు నాకు బలమైన అభ్యంతరము చెప్పెను. "అయ్యగారూ, అవతలివాళ్లు ఇవేవీ పాటించరు. మేము మాత్రం ఇంత జాగ్రత్తగా ఉంటే ఓడిపోతాము. ఓడిపోతే నష్టపోయేది ఆ పసిబిడ్డలే" అనెను. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఓటమికి మూల్యము చెల్లించువారు తరచుగా నోరులేనివారే. కాని నేను ఆ బాలిక ప్రశ్నను అతనికి చెప్పితిని. నోరులేనివాని పక్షముగా మాటలాడువాని యొద్ద ఉన్న ఆస్తి ఒక్కటే, తన మాట నమ్మదగినదనుట. దానిని ఒక ఎన్నిక కొరకు ఖర్చుపెట్టినచో మరుసటి దినమున ఆ శిశువు పక్షమున సాక్ష్యమిచ్చుటకు ఎవడు మిగులును? నా పొరుగువాడు పాటించినంతవరకే అను షరతు తొమ్మిదవ ఆజ్ఞకు దేవుడు చేర్చలేదు. నెమ్మదిగా మాటలాడుమని నేననలేదు. నిజముగా మాటలాడుమంటిని. ఈ రెండును ఒకటి కావు.

మన పితరులును ఈ సంగతి నెరిగియుండిరి. 1529లో లూథరు తన చిన్న ప్రశ్నోత్తరిలో ఈ ఆజ్ఞను వివరించుచు, అబద్ధము మానుట చాలదని, పొరుగువాని క్రియలకు వీలైనంత మంచి అర్థము చెప్పవలెనని బోధించెను. 1774 అక్టోబరు 6వ తేదీన జాన్ వెస్లీ తన సంఘములోని ఓటర్లను కూర్చి చెప్పిన హితవును తన దినచర్యలో వ్రాసికొనెను. లంచము పుచ్చుకొనక యోగ్యునికి ఓటు వేయుట, ఎవనికి ఓటు వేయలేదో వానిని గూర్చి చెడు పలుకకుండుట, అవతలి పక్షమునకు ఓటు వేసినవారిపట్ల హృదయము కఠినపరచుకొనకుండుట, ఇవే ఆ హితవులోని మూడంశములు. మొదటి దానిని గూర్చి మనము తరచుగా ప్రసంగించుదుము. రెండవదియు మూడవదియు మన నోట వినబడుట అరుదు.

నాకొక పని మిగిలియుండెను. తప్పు ఎక్కడ పలికితినో అక్కడనే, అంతే గట్టిగా, దిద్దుకొనవలెను గదా! 2025 జనవరి మొదటి ఆదివారమున వేదిక మీద నిలిచి, అక్టోబరులో నేను చెప్పిన మాట అబద్ధమనియు, పరిశీలింపక పలికితిననియు ఒప్పుకొంటిని. గర్భస్థ శిశువును గూర్చి నేను నమ్మినది మారలేదనియు చెప్పితిని. ఒక పెద్ద నొచ్చుకొని, కాపరి ఇట్లు తగ్గిన సంఘము తగ్గుననెను. ఆ బాలిక మాత్రము ఏమియు అనలేదు. కాని ఆ ఆదివారము వెనుక బల్లమీద కాక, ముందు వరుసలో కూర్చుండెను.

కుమారుడు తిరిగి వెళ్లు రాత్రి నేనును విమానాశ్రయమునకు వెళ్లితిని. ద్వారము వద్ద ప్రార్థించితిని. ఎవని ఓటును మారలేదు. మరల ఓటు వేయవలసి వచ్చినను కుమారుడు అట్లే వేయును. తండ్రికి వీలుండిన మరియొకరికే వేసియుండును. అయినను తండ్రి కుమారుని తలమీద చేయి వేసి, "నీ మాట నేనొప్పుకోను బిడ్డా. కాని నువ్వు ఏమంటున్నవో ఇప్పుడు నాకు తెలిసింది" అనెను. కుమారుడు వంగి తండ్రి చేతులను కన్నుల కద్దుకొనెను. తల్లి ఆ దినము కన్నీళ్లు పెట్టుకొనెను గాని, అవి మునుపటి కన్నీళ్లు కావు.

చదువరీ, మరల ఎన్నికలు వచ్చును. నీ మనస్సాక్షి ఏ పక్షముననున్నను దాని ప్రకారము ఓటు వేయుము. తప్పని తోచినదానిని తప్పనుము. కాని నీ వేలు కాగితమును ముందుకు త్రోయకముందు, నీ నాలుక ఒకని పేరెత్తకముందు, ఒక్క క్షణమాగుము. ఎవనిని గూర్చి నీవు పలుకబోవుచున్నావో వాడు నీ ప్రక్కనే కూర్చుండి వినుచున్నాడనుకొనుము. వాడు లేకపోయినను, వానిని చేసిన ప్రభువు అక్కడనే యున్నాడు.

సత్యస్వరూపియగు ప్రభువా, మా తీర్పులకు ధైర్యమును, మా పెదవులకు కావలిని దయచేయుము. మాతో ఏకీభవింపనివాని పేరును మా చేతులలో భద్రముగా నుంచుము. ఆమేన్.